తేలని గౌను

మా కాలనీ స్విమ్మింగ్ పూల్ గేటు మీద బోర్డులో ఇప్పుడు ఒక్కటే మాట ఉంది, ఆడవాళ్లకు ప్రవేశం లేదని. అంతకుముందు అదే బోర్డు నిండా ఆడవాళ్లు ఏం వేసుకుని నీళ్లలోకి దిగాలో, ఏం వేసుకుని దిగకూడదో రాసి ఉండేది. రాయించిన మహానుభావుడు నరేంద్రబాబు గారు, మా అసోసియేషన్ సెక్రటరీ. ఆయన్ని తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. మండి ఏం లాభం? రోజూ ఆయన ఇంటి ముందు నుంచే స్కూలుకు పోవాలి, ఎదురుపడితే నమస్తే చెప్పాలి.

నా పేరు కరుణాకుమారి. నాయుడుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన రూఫస్‌ది దొరవారిసత్రం పక్కన పల్లె. మూడేళ్ల కిందట వానాకాలంలో, వాగు రోడ్డు మీదుగా పారుతుంటే బండి దాటించబోయి కొట్టుకుపోయాడు. పులికాట్ సరస్సు పక్కన పుట్టిన మనిషికి ఈత రాదంటే జనం నమ్మరు. రాదు మరి. వాళ్లవి వరి పొలాలు, మోకాలి లోతు మడిలో నిలబడటమే తప్ప ఈదే నీళ్లతో వాళ్లకేం పని? నాలుగు బారలు ఈది ఉంటే ఒడ్డుకు వచ్చేవాడని అక్కడ నిలబడి చూసినవాళ్లు నాతో అన్నారు. ఓదార్పుగానే అన్నారు పాపం. ఆ మాట మాత్రం నా చెవుల్లోంచి పోలేదు.

అందుకే నా కూతురు డెబోరాకు ఈత నేర్పించి తీరాలనుకున్నాను. చదువు ఎలా ఉన్నా సరే, ఆ నాలుగు బారలు మాత్రం దానికి రావాలి. పూల్ ఉందనే ఈ కాలనీలో చివరి బ్లాకులో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. దానికి పదమూడేళ్లు. మంచం మీద బోర్లా పడుకుని చేతులూ కాళ్లూ ఆడిస్తూ, "అమ్మా, సగం దూరం వచ్చేసినా" అని అరిచేది. నవ్వీ నవ్వీ నాకు కళ్లల్లో నీళ్లు వచ్చేవి.

సాయంత్రం ఒక గంట ఆడపిల్లలకని పెట్టారు. నేర్పడానికి రేవతి అనే అమ్మాయి గూడూరు నుంచి వచ్చేది. మొదటి వారం అందరూ మామూలు ఈత డ్రస్సులే వేసుకున్నారు. రెండో వారానికల్లా మీటింగు పెట్టారు. పూల్ చుట్టూ మూడంతస్తుల బాల్కనీలు కదా, పైనుంచి చూసేవాళ్లకు ఇబ్బందిగా ఉందట!

నేను లేచి అడిగాను. "చూసేవాళ్లకి ఇబ్బందయితే బాల్కనీలకి పరదాలు కట్టుకోండి సార్. పిల్లలకెందుకు కడతారు?"

"పరదాలు కడితే గాలి రాదు గదా మేడమ్," అన్నాడు నరేంద్రబాబు, ఎంతో ఓపిగ్గా. "మన బిడ్డల మర్యాద కోసరమే గదా చెప్తా ఉండేది. మోకాళ్ల కింద దాకా బట్ట ఉండాల. అంతే."

సరే, మెడ నుంచి మడమల దాకా కప్పే డ్రస్సు ఆన్‌లైన్‌లో తెప్పించాను. దాన్ని చూసి ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఒంటికి అతుక్కోని ఉండాది మేడమ్. ఇంకా అన్యాయంగా ఉండాది." చుడీదార్లు వేసి దించితే అవి నీళ్లలో గొడుగుల్లా పైకి లేచాయి. మర్నాటికి బోర్డు మీద ఇంకో మాట చేరింది, బట్ట నీళ్లలో తేలరాదని. అతుక్కోకూడదు, తేలకూడదు. అంటే ఏం వేసుకోవాలి, రేకు డబ్బాలా? సగం మంది పిల్లలు మానేశారు. డెబోరా గట్టు మీద కూర్చుని నీళ్లలో పాదాలు ఆడించుకుని తిరిగి వచ్చేది.

మా ఇంట్లో ఇంకో మనిషి ఉంది, మా అత్త మార్తమ్మ. కొడుకు పోయాక పల్లెలో ఒంటరిగా ఎందుకని నేనే తీసుకొచ్చాను. మాది నీళ్లలో నిలువునా ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘం. మా అత్త పెళ్లయి వచ్చిన నాటి నుంచి వాళ్ల ఊరి సంఘంలో ఆడవాళ్ల బాప్తిస్మపు గౌన్లన్నీ ఆమే కుట్టేది. కాలువలోకి దిగేటప్పుడు గౌను పైకి తేలితే ఒడ్డున ఉన్న మగవాళ్ల ముందు పరువు పోతుంది. అందుకని పులికాట్‌లో చేపలు పట్టే చిన్నపోలయ్య దగ్గర వలకి కట్టే సీసపు గుండ్లు తెచ్చి, అంచు మడతలో వరసగా పెట్టి కుట్టేసేది. గౌను రాయిలా నిలబడేది. ఆమె చేతి గౌను తొడుక్కున్న ఏ ఆడమనిషి చీలమండా ఎవరూ చూసి ఎరగరు. అది మా అత్తకున్న ఒకే ఒక్క గర్వం.

"తేలకుండా ఉండాల్నంటే అంతేనా?" అంది మా అత్త, నేను విసుక్కుంటుంటే విని. "దీనికింత రచ్చ ఎందుకు మే? నన్నడగొచ్చు గదా. నేను కుట్టిన గౌను ఏనాడైనా తేలిందా?"

ముదురు నీలం గుడ్డ తెప్పించుకుని నా మిషను మీదే కుట్టింది. మెడ నుంచి మడమల దాకా, పొడుగు చేతులతో. డెబోరా అది తొడుక్కుని మెట్లు దిగితే గౌను ఎక్కడిదక్కడ నిలిచింది. నరేంద్రబాబు వచ్చి చూసి తల ఊపాడు. "పద్ధతంటే ఇదీ. పెద్దామె చూడండి, ఎట్ట కుట్టిందో. అందరికీ ఇట్టాంటివే కుట్టించండి మేడమ్." మా అత్త పైట సర్దుకుని చిన్నపిల్లలా సిగ్గుపడింది. ఆమె కొడుకు పోయాక ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. నాకూ సంతోషమే వేసింది. ఎలాగైతేనేం, నా బిడ్డ నీళ్లలోకి దిగింది కదా.

దిగింది గానీ ఈత రాలేదు. బోర్డు రూళ్లు అంటని చిన్నపిల్లలు గట్టు కమ్మీ పట్టుకుని కాళ్లు ఆడిస్తే కాళ్లు పైకి వచ్చేవి. దీనివి రావు. రేవతి పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తినా, చెయ్యి తీయగానే కాళ్లు అడుక్కి వెళ్లిపోయేవి.

"భయం వదిలెయ్ డెబోరా. ఒళ్లు బిగబెట్టొద్దు. కాళ్లు దానికవే తేలతాయి," అనేది రేవతి.

"నేను బిగబెట్టలేదక్కా. ఊరికినే వదిలేస్తా ఉండా."

ఒకరోజు ఇంటికి వచ్చి తల తుడుచుకుంటూ అంది. "అమ్మా, నాయన మాదిరే నాకు గూడా రాదేమో."

"నోర్ముయ్, ఎందుకు రాదు, వస్తుంది," అన్నాను.

ఇప్పుడు వినేవాళ్లు అడుగుతారు, అంచులో సీసం ఉందని మీకు తెలియదా అని. తెలుసు. నాకు తెలుసు, మా అత్తకు తెలుసు, పిల్లకూ తెలుసు. మా సంఘంలో ఏ ఆడమనిషిని అడిగినా గౌనుకు గుండ్లుంటాయనే చెబుతుంది, చీరకు కొంగుంటుందని చెప్పినంత మామూలుగా. బాప్తిస్మపు నీళ్లలో ఎవరూ తేలాలని దిగరు. నడుం లోతులో నిలబడతారు, పాస్టరు అయ్యగారు ముంచి లేపుతారు, ఒడ్డుకు నడిచి వచ్చేస్తారు. అక్కడ ఆ గుండ్లు ఎన్నడూ ఎవరికీ హాని చేయలేదు. అందుకే మా బుర్రల్లో ఎవరికీ తట్టలేదు.

ఆ శనివారం నేనూ మా అత్తా గట్టు బెంచీ మీద కూర్చున్నాం. రేవతి అవతల ఒక చిన్నపిల్లకు నేర్పుతోంది. డెబోరా మమ్మల్ని చూసి, "అవ్వా, ఇప్పుడు చూడు!" అని కేకేసి, కమ్మీ వదిలి ముందుకు దూకింది. పూల్ అడుగు అక్కడి నుంచి ఏటవాలుగా లోతులోకి పోతుంది. రెండు చేతులూ పైకి లేచాయి. తల లేవలేదు. మా అత్త ఇంకా నవ్వుతూనే ఉంది, పిల్ల ఆడుతోందనుకుని.

నేను అరిచానో లేదో గుర్తులేదు. రేవతి ఒక్క దూకు దూకింది. లోపల గౌను కాళ్లకు చుట్టుకుపోయి, ఆ అంచు పిల్లను కిందికి లాగేస్తూ ఉంటే రేవతి అంతటి మనిషి కూడా రెండుసార్లు మునిగి లేచింది. ఎట్లాగో గట్టుకు తెచ్చి పడేసింది. డెబోరా నీళ్లు కక్కింది, దగ్గింది, ఊపిరి తీసింది. దేవా, నీకు స్తోత్రం అని ఆ ఒక్క క్షణం మనస్ఫూర్తిగా అన్నాను.

పిల్లను పక్కకు జరుపుతుంటే గౌను అంచు గచ్చు మీద గలగలమంది. రేవతి ఆ అంచు పట్టుకుని నలిపి చూసింది. పళ్లతో దారం కొరికి మడత చించింది. సీసపు గుండ్లు గచ్చు మీద దొర్లుకుంటూ పోయాయి.

"ఏందక్కా ఇది?" అంది నన్ను చూసి. "బిడ్డకి సీసం కట్టి దించినారా? ఇన్నాళ్లూ కాళ్లెత్తు, కాళ్లెత్తు అని నేను తిడతా ఉండానే!"

మా అత్త బెంచీ మీద నుంచి దిగింది. గచ్చు మీద మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో గుండూ ఏరి కొంగులో వేసుకుంది. ఆ కొంగు బరువుకు పైట జారిపోతున్నా చూసుకోలేదు.

నరేంద్రబాబు గారు వచ్చి, చూసి, "ఆడోళ్లకి ఈ తిప్పలన్నీ ఎందుకని నేను మొదుట్నించీ అంటానే ఉండా," అన్నాడు. మర్నాడే బోర్డు మార్పించాడు. పద్ధతంటే ఇదీ అని తల ఊపిన మనిషే! రేవతి మళ్లీ గూడూరు నుంచి రాలేదు.

డెబోరా బతికింది గానీ నీళ్లను వదిలేసింది. తల మీద చెంబుతో పోస్తే కెవ్వున అరిచేది. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకునేది. వాన పడితే స్కూలుకు పోనని మొండికేసేది. అది మంచం మీద బోర్లా పడుకుంటే ఇప్పుడు కాళ్లు కదలవు.

మా అత్తకు ఇంకో దిగులు. వేసవిలో పిల్లకు బాప్తిస్మం ఇప్పించాలని ముందే అయ్యగారికి చెప్పి ఉంచింది. కొడుకు బిడ్డను ఆ నీళ్లలో చూసి కన్నుమూయాలని ఆమె ఆశ. ఆ శనివారం నుంచి మిషను ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి, ఆ ఒక్క గౌనూ కుట్టింది.

"తడిమి చూసుకో అమ్మణ్ణీ," అని పిల్ల ఒళ్లో పెట్టింది. "ఒక్క గుండు గూడా లేదు. అవ్వ మీద ఒట్టు."

డెబోరా అంచంతా వేళ్లతో నలిపి నలిపి చూసింది. అంతా చూశాక మళ్లీ మొదటి నుంచి చూసింది. "సరే అవ్వా," అంది. ఆ రోజు మా అత్త కడుపునిండా అన్నం తింది.

మే నెలలో పల్లె కాలువ దగ్గరకు వెళ్లాం. సంఘమంతా ఒడ్డున నిలబడి పాడుతున్నారు. పాస్టరు క్రీస్తుదాసు అయ్యగారు నీళ్లలో నిలబడి చెయ్యి చాపారు. డెబోరా తెల్ల గౌనులో నీళ్ల అంచు దాకా వెళ్లి ఆగిపోయింది. దవడలు కొట్టుకుంటున్నాయి. అయ్యగారు పిలిచారు, ఆడవాళ్లు పిలిచారు, నేనూ పిలిచాను. కదల్లేదు.

ఆడవాళ్లను చెయ్యి పట్టి దించేది ఎప్పుడూ మా అత్తే. తన పాత గౌను తొడుక్కుని సిద్ధంగా ఉంది. పిల్లను ఒకసారి చూసి, తానే చరచరా నీళ్లలోకి నడిచింది. నడుం లోతుకు వెళ్లేసరికి ఆమె గౌను ఉబ్బి, పైకి లేచి, చుట్టూ తెల్లగా పరుచుకుంది. తన గౌనులో గుండ్లు కూడా విప్పేసిందని అప్పుడు అర్థమైంది నాకు. ఎండాకాలపు తేట నీళ్లలో ఎండిన ఆ కాళ్లు, తొడల దాకా, అందరికీ కనబడ్డాయి. మగవాళ్లు తలలు తిప్పుకున్నారు. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. పాట ఆగిపోయింది. ఎవరో దుప్పటి తీసుకుని దిగబోతే మా అత్త చేత్తో తోసేసింది.

"చూడు అమ్మణ్ణీ," అంది. "తేలతా ఉండాది. నన్నేమీ కిందికి లాగలా. రా తల్లీ, అవ్వ దగ్గరికి రా."

డెబోరా చూసింది. ఒక అడుగు వేసింది. నీళ్లు దాని కాలి వేళ్లకు తగిలాయి. అంతే, వెనక్కి వచ్చి నా చీర రెండు చేతులా పట్టుకుని, నా వీపులో మొహం దాచుకుంది.

"అమ్మా, ఇంటికి పోదాం."

దాన్ని తీసుకుని గట్టెక్కాను. ఇంకేం చేయను? వెనక మా అత్త ఆ నీళ్లలోనే, చెయ్యి చాపి, గౌను కిందికి లాక్కోవాలన్న ధ్యాస కూడా లేకుండా నిలబడి ఉంది. రోడ్డు మీదకు వచ్చేదాకా ఆమె గొంతు మాకు వినబడుతూనే ఉంది.

"తేలతా ఉండాది అమ్మణ్ణీ... తేలతా ఉండాది, చూడు."