ఓసీ బెల్ పుచ్చకాయలు

లవాంట్ పీవీకి పట్టడం నేర్పింది నేనే. ఆదివారం వస్తే దేశమంతా టీవీల ముందు కూర్చుని చూసిన ఆ చేతులు నా లారీ మీద తయారైనవే. మా జార్జియా తోటల్లో పుచ్చకాయను కింద నుంచి విసురుతారు, లారీ మీదివాడు అందుకోవాలి. మీసం రాకముందే లవాంట్ ఎంతటి కాయనైనా అందుకునేవాడు. ఒకసారి దూడంత కాయ వస్తే ఒంటిచేత్తో పట్టి, రెండో చేత్తో నాకు చెయ్యూపాడు.

తర్వాత కాలేజీలో ఫుట్‌బాల్, అదే మా అమెరికావాళ్లు చేతుల్తో ఆడేది, ఆపైన పెద్ద జట్టు. మైదానం చివరిదాకా పరుగెత్తి, భుజం మీదుగా వచ్చే బంతిని గాల్లోనే లాక్కునేవాడు. అలా గాల్లో ఉండగానే ఒక ఆటలో ఎవడో వచ్చి మెడను ఢీకొట్టాడు. లేచి నడిచాడు గాని, వేళ్లకు స్పర్శ తిరిగి రాలేదు. ఇంటికొచ్చాక ఎన్ని కాఫీ కప్పులు పగిలాయో అతని భార్య షనీస్‌నడగాలి.

ఈ వేసవిలో కూతురు పుట్టింది. లవాంట్ ఇంతవరకూ ఎత్తుకోలేదు. ఆదివారం చర్చిలో బిడ్డను దేవుడికి ప్రతిష్ఠించే ప్రార్థన. మా దగ్గర తండ్రే ఎత్తుకుని పాస్టరు ముందుకు నడవాలి.

"షనీస్‌నే తీసుకెళ్లమన్నానత్తా," అన్నాడు శనివారం, తనను పెంచిన మేనత్త ఓసీ బెల్‌తో. "పడేస్తే?"

ముసలమ్మ చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

"లే. తోటలోకి పద. " నా వైపు తిరిగింది. "ఎజెల్, నువ్వూ రా. నా మొక్కజొన్న రొట్టె ఖాళీ చేసింది చాలు."

తోటలో ఆమె మొదటి కాయ విసిరింది. లవాంట్ వేళ్లు చాపాడు. కాయ అతని కాళ్ల దగ్గర పగిలింది.

"వేళ్లతో పట్టడం నీకు కోచ్‌లు నేర్పార్రా. నేనేం నేర్పాను?"

"ముంజేతులు. పొట్ట."

"మోకాళ్లు?"

"వంచాలి."

"కాయ వచ్చేటప్పుడు?"

"దాంతోపాటు వెనక్కి తగ్గాలి."

"మరింకేం? ముంజేతులక్కూడా తిమ్మిరెక్కిందా?"

నేర్పింది నేనేనన్నాను కదూ. మీరు వినేశారు, ఇక దాచేదేముంది! నేను స్టీరింగ్ ముందు కూర్చుని పగిలిన కాయలు తినేవాణ్ణి. ఆ పూటా అదే పని చేశాను. రెండో కాయా పగిలింది. మూడోది అతని పొట్టకు ఆనుకుని ఆగింది. లవాంట్ దాన్ని దించలేదు. అలాగే హత్తుకుని నిలబడ్డాడు.

మర్నాడు చర్చిలో షనీస్ బిడ్డను అందించబోయింది. లవాంట్ కొత్త సూటులో, లారీ మీద నిలబడ్డట్టే మోకాళ్లు వంచాడు. ముంజేతులు చాపాడు. బరువు తగలగానే అరడుగు వెనక్కి తగ్గాడు. బిడ్డ అతని పొట్టకు ఆనుకుంది. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే పాస్టరు దాకా నడిచాడు. వేళ్లను గాలికొదిలేసి, ముంజేతులతోనే మోశాడు.

దూడంత కాయ సంగతి నిజం, ఒట్టు. ఇంకా కల్పించింది ఏదైనా ఉంటే ఆ నిశ్శబ్దం ఒక్కటే. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే, "నోర్మూసుకో ఎజెల్, పిల్ల లేస్తుంది," అని ఓసీ బెల్ గదిమింది. చర్చి మొత్తానికీ వినపడింది.