పుడ్డింగ్‌లో ఏదో తక్కువైంది

"ఈసారి చక్కెర కాస్త ఎక్కువ పడ్డట్టుందే," అన్నాడు భర్త, చెంచా నాకుతూ.

గిన్నె సర్దుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ పుడ్డింగ్‌లో వేసింది ఎప్పుడూ వేసే చక్కెరలో సగమే. మీగడ అసలు వేయనే లేదు, పాలనే సన్నని సెగ మీద చిక్కబడేదాకా మరిగించింది. అడుగున పోసే పాకాన్ని మాత్రం బాగా ఎర్రబడనిచ్చింది, ఆ చిరుచేదు పక్కన ఉన్న కాస్త తీపీ రెట్టింపుగా తెలుస్తుందేమో చూద్దామని. తెలిసింది. నవ్వొచ్చింది కానీ పెదవి దాటనివ్వలేదు.

ఒంట్లో చక్కెర పెరిగిందని డాక్టరు చెప్పిన రోజున ఆయన ఇంటికొచ్చి, "ఉన్నన్నాళ్లూ నాకు నచ్చిందే తింటాను. ఆ చప్పిడి గడ్డి నా ముందు పెట్టకు," అని తేల్చేశాడు. ఇక ఆయనతో వాదించలేదు. ఆదివారం ఆదివారానికి ఎవరికీ చెప్పకుండా ఓ చెంచా తగ్గిస్తూ వచ్చింది. ఆమె పనిచేసేది ఊరికి సరఫరా అయ్యే నీళ్లను పరీక్షించే ప్రయోగశాలలో. ఆ ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే ఆయన, "ఏముంది, గ్లాసులో నీళ్లు చూసొస్తుంది," అని అందరినీ నవ్విస్తాడు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, తతిమ్మావి కదపకూడదు అన్నది మాత్రం ఆమె అక్కడ నేర్చుకున్నదే. అలా ఒక్కొక్కటే మారుస్తూ, వీళ్లు ఎక్కడ కనిపెడతారా అని భర్త ముందూ అత్తగారి ముందూ పళ్లాలు పెట్టి వారం వారం వాళ్ల ముఖాలు చూసేది. మొదట్లో భయంగా ఉండేది. రానురాను ఆదివారం ఎప్పుడొస్తుందా అనిపించసాగింది.

ఆ ఇంట్లో పుడ్డింగ్ మీద చివరిమాట అత్తగారిది. పెళ్లైన కొత్తలో మొదటిసారి చేసి పెట్టినప్పుడు ఆవిడ నాలుక చప్పరించి, "బాగానే ఉందమ్మాయ్, కానీ ఏదో తక్కువైంది," అంది. ఏమిటత్తయ్యా అని అడిగితే, "చెబితే వచ్చేది కాదులే," అంది. ఆ మాట పట్టుకుని ఎన్నేళ్లు తిరిగిందో! ఇంకో గుడ్డు సొన, ఇంకో గరిటె మీగడ, వెన్న, తేనె. తక్కువైనదాన్ని వెతుక్కుంటూ పోయి అన్నీ ఎక్కువ చేసింది. పుడ్డింగ్ బరువెక్కింది, దాంతోపాటే ఆయన పొట్టా. అయినా అత్తగారి మాట మారలేదు. ఇప్పుడు అన్నీ సగానికి దించేసినా ఆవిడ అదే అంది, అదే గొంతుతో. ఆ రాత్రి పక్క మీద పడుకుని ఆమె ఆలోచించింది. నీళ్లు మారుతున్నా మీటరు ముల్లు ఒకేచోట నిలబడితే ప్రయోగశాలలో ఎవరూ నీళ్లను అనుమానించరు, ముల్లునే అనుమానిస్తారు. మరి ఇంట్లో ఇన్నాళ్లూ తనకెందుకు తోచలేదు?

మరుసటి ఆదివారం అదే సగం చక్కెర పుడ్డింగ్ చేసి, మూతున్న డబ్బాలో పెట్టి తెచ్చి, "వదిన పంపించింది," అంది. వదినంటే భర్తకు అక్క, పక్క వీధిలోనే కాపురం.

అత్తగారు కళ్లు మూసుకుని తింది. "అదీ! పుడ్డింగంటే ఇదీ. మా అమ్మాయి చేతిలోనే ఉంది."

"అక్క దగ్గర కూర్చుని నేర్చుకోరాదూ?" అన్నాడు భర్త.

నవ్వొస్తుందనుకుంది. రాలేదు. ఈలోపు అత్తగారు ఉండబట్టలేక కూతురికి ఫోన్ చేసింది. "నేనేం పంపానే అమ్మా?" అని అవతలి గొంతు గదంతా వినిపించింది.

భర్త తలెత్తాడు. "అబద్ధమాడావా?"

"ఆడాను. అది నేను చేసిందే. పోయినవారం మీరు తిన్నదే. సగం చక్కెర, మీగడ లేదు."

"అదీ సంగతి! అందుకే చప్పగా తగలడింది," అంటూ ఆయన ఖాళీ పళ్లాన్ని పక్కకి నెట్టాడు.

అత్తగారు తన పళ్లెం తనే పట్టుకుని ఆమె వెనకే వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"మా అత్తగారు నన్నూ అలాగే అనేదే. పోయేదాకా ఏం తక్కువైందో చెప్పలేదు."

"మీరు కనుక్కోలేదా?"

"ఎక్కడ? వెతికీ వెతికీ ఊరుకున్నాను. నువ్వొచ్చాక ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో... వచ్చేసింది."

ఆమె అత్తగారి వైపు కొత్తగా చూసింది. ఈ పొయ్యి ముందే, కొత్త కోడలిగా, గరిటె పట్టుకుని నిలబడి ఉంటుంది ఈవిడ. ఎలా ఉండేదో! అప్పుడు ఈవిడకు ఏది ఇష్టమో ఎవరైనా అడిగారో లేదో! అడగాలనిపించింది. అంతలో ముందు గదిలోంచి భర్త కేకేశాడు.

"వచ్చే వారం ఈ ప్రయోగాలేం వద్దు! పాత పద్ధతిలో మీగడ వేసి చెయ్యి!"

ఆమె చేతులు తుడుచుకుంది. గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు.

"వచ్చే వారం మీరు చేద్దురుగాని. నేనూ అత్తయ్యా కూర్చుని తింటాం."

అత్తగారు కంగారుగా ఆమె మోచెయ్యి పట్టుకుంది. "వాడికి గుడ్డు పగలగొట్టడం కూడా రాదే!"

"ఈ ఇంటికి వచ్చిన రోజున నాకూ రాదు, అత్తయ్యా."