మాణిక్యమ్మ పేరున ఒక కుర్చీ

మాణిక్యమ్మ కాళ్ళకు ఏ జబ్బూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. చీరాలలో చీరల కొట్టు తెరిచిన నాటినుంచి, పొద్దున తొమ్మిదింటికి నిలబడితే కొట్టు కట్టేదాకా కూర్చోని మనిషి ఆవిడ. యాభై ఎనిమిదేళ్ళు నిండినా స్టూలెక్కి పై అరలో చీరలు తనే తీస్తుంది. మొన్నటికి మొన్న టర్కీలో కొండమీది కోటకు మూడువందల మెట్లెక్కి, సగంలో చతికిలబడ్డ మొగుణ్ణి చూసి పైనుంచి నవ్వింది కూడా.

అలాంటి మనిషి తిరుగు ప్రయాణంలో, విమానం మారాల్సిన గల్ఫ్ విమానాశ్రయంలో, చక్రాల కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఇదంతా భయం చేసిన పని. వెళ్ళేటప్పుడు ఇదే చోట మొగుడూ పెళ్ళాలిద్దరూ తప్పిపోయారు. ఊరంత విమానాశ్రయం, అందులో మళ్ళీ ఒక రైలు. ఆ రైలు రెండుసార్లు ఎక్కి రెండుసార్లూ ఎక్కినచోటే దిగారు. బోర్డులన్నీ ఇంగ్లీషు, అరబ్బీ. ఎవరినడుగుదామన్నా నోరు పెగల్లేదు. చీరాల బజారులో పదిమందిని నోటితో గెలిచే మాణిక్యమ్మ అక్కడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తలుపు మూసే వేళకు ఎలాగో గేటు దగ్గర పడ్డారు.

ఆ సంగతి విని గుంటూరు ట్రావెల్స్ జయదేవ్ ఫోనులో నవ్వేశాడు. "వచ్చేటప్పుడు మీకు వీల్‌చెయిర్ రాయించేస్తానండి. మోకాళ్ళ నొప్పులని చెప్పండి చాలు. వాళ్ళే తోసుకెళ్ళి గేటు దగ్గర దింపుతారు, లైనుండదు, దారి వెతుక్కునే పనుండదు. సారు కూడా మీ వెనకే వచ్చేయొచ్చు. అందరూ చేసేదేనండి!"

అందరూ చేసేదే అన్నాక మనకిక ఆలోచనేముంది? ఊళ్ళో సగం తప్పులు ఆ మాటమీదే నడుస్తుంటాయి.

కుర్చీ తోసే అతను నెత్తి నెరిసిన బక్కపల్చటి మనిషి. మాణిక్యమ్మ చూడ్డానికి నిండుగా ఉంటుంది. ఏటవాలు దారి వచ్చినప్పుడు అతను ముందుకు వంగి, పళ్ళు బిగించి తోస్తుంటే ఆ రొప్పు ఆవిడ చెవి పక్కనే వినిపించింది. మొదటిసారి అక్కడే ఆవిడకు కుర్చీ గుచ్చుకుంది. "దిగి నాలుగడుగులు వేస్తానండీ, పాపం పెద్దాయన" అని మొగుడితో గొణిగింది.

"నోరుమూసుకుని కూర్చోవే. దిగావంటే దొంగ నొప్పులని తెలిసిపోతుంది" అన్నాడు భావనారాయణ, చుట్టూ చూస్తూ. కూర్చుంది.

గేటు దగ్గర కుర్చీ ఆపి అతను పక్కకు వెళ్ళాడు. అప్పుడు వినిపించింది వెనకనుంచి, "ఏమే, మాణిక్యానివి కదూ?" అని.

నలభై అయిదేళ్ళయినా ఆ గొంతుకు మాణిక్యమ్మ వీపు నిటారుగా అయిపోయింది. శ్యామలాంబ టీచరు. ఎనిమిదో తరగతిలో సోషల్ చెప్పిన మనిషి. రిటైరై ఒంగోలులో ఉంటున్నారు. ఏడాదికోసారి కొట్టుకొచ్చి ఒక్క నేత చీర బేరమాడకుండా కొనుక్కుపోతారు. డెబ్భై ఎనిమిదేళ్ళావిడ చేతికర్ర మీద బరువంతా మోపి నిలబడి ఉన్నారు. పెన్షనర్ల బృందంతో ఈజిప్టు వెళ్ళొస్తున్నారట. "ముప్ఫై నాలుగేళ్ళు పిరమిడ్లు బోర్డుమీద గీశాను. ఒక్కసారైనా చూడకపోతే ఎట్లా అనిపించింది" అన్నారు. తోటివాళ్ళంతా ముందే వచ్చి కుర్చీల్లో కునుకు తీస్తున్నారు. ఈవిడ మోకాలు వాచి వెనకబడ్డారు.

"నాదంటే ముసలి ప్రాణం. నీకేమొచ్చిందే? మొన్న దసరాకి కూడా లేడిపిల్లలా తిరిగావు కదా కొట్లో!"

మాణిక్యమ్మకు తలకొట్టేసినట్టయింది. నోరు తెరిచేలోపల భావనారాయణ అందుకున్నాడు. "మోకాళ్ళండి. ఉన్నట్టుండి పట్టేశాయి."

"అయ్యో! నిలబడి నిలబడి అరిగిపోయుంటాయి" అంటూ టీచరుగారు వంగి, చీరమీదనుంచే ఆవిడ మోకాలి పక్కన వేలు పెట్టి నొక్కారు. "ఇక్కడేనా?"

"అబ్బా!" అంది మాణిక్యమ్మ.

అబ్బా అన్నది! ఎవరూ అనమనలేదు. జయదేవ్ చెప్పలేదు, మొగుడు గిల్లలేదు. నొప్పి లేని మోకాలికి నొప్పి తనంతట తనే తెచ్చిపెట్టుకుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా ఆవిడ గుండెల్లో కలుక్కుమనేది ఆ ఒక్క ముక్క దగ్గరే.

టీచరుగారు సంచీలోంచి మోకాలికి తొడిగే పట్టీ తీసి ఒళ్ళో పెట్టారు. "జతగా కొన్నాను, నాకు కుడికాలికొకటి చాలు. ఇంటికెళ్ళేదాకా తియ్యకు" అన్నారు. మాణిక్యమ్మ తేలు కుట్టిన దొంగలా ఆ పట్టీ పట్టుకుని కూర్చుంది.

టీచరుగారు కర్ర పొడుచుకుంటూ కౌంటరు దగ్గరికి వెళ్ళారు. ఇంగ్లీషులో అడిగారు. తనకు కూడా ఒక కుర్చీ దొరుకుతుందా, విమానం దాకా నడవలేకపోతున్నాను అని. అక్కడి అమ్మాయి లిస్టు చూసింది. పేరు లేదు. రెండు రోజుల ముందే చెప్పుకోవాలట. ఉన్న కుర్చీలన్నీ లిస్టులో ఉన్నవాళ్ళకే సరిపోయాయట. టీచరుగారు థాంక్యూ చెప్పి తిరిగొచ్చి, "పోన్లే, నడవగలననుకుని నేనే రాయించుకోలేదు. నాదే పొరపాటు" అన్నారు.

అప్పుడైనా లేవాలి. లేచి, టీచరుగారండీ మీరు కూర్చోండి అంటే సరిపోయేది. మాణిక్యమ్మ రెండుసార్లు కుర్చీ చేతులమీద బరువు మోపింది కూడా. కానీ లేస్తే ఏమనాలి? ఇప్పుడే అబ్బా అన్న నోటితో ఏమని చెప్పాలి? భావనారాయణ చెయ్యి భుజంమీద పడి నొక్కింది. ఆ చెయ్యి లేకపోయినా ఆవిడ లేచేది కాదేమో. సిగ్గనేది మనిషిని లేపుతుందంటారు గానీ, చాలాసార్లు కూర్చోబెడుతుంది.

విమానం దూరంగా ఆగి ఉంది. కుర్చీలవాళ్ళను ముందుగా ఒక లిఫ్టు బండిలో తీసుకెళ్ళి, తలుపు దాకా పైకెత్తారు. మిగతావాళ్ళు బస్సు దిగి మెట్లెక్కాలి. మాణిక్యమ్మ కిటికీలోంచి చూసింది. మండే ఎండలో టీచరుగారు మెట్లమీద ఉన్నారు. పక్కకు తిరిగి, రెండు చేతులా కడ్డీ పట్టుకుని, ఒక మెట్టుకు రెండు పాదాలూ చేర్చి ఆగుతున్నారు. వెనకవాళ్ళు విసుక్కుంటుంటే "సారీ నాయనా, సారీ" అంటున్నట్టు తల తిప్పుతున్నారు. పాతిక మెట్లుంటాయేమో. మాణిక్యమ్మ ప్రతి మెట్టూ లెక్కపెట్టింది.

విమానం పైకి లేచి బెల్టుల దీపం ఆరగానే ఆవిడ లేచింది. "ఎక్కడికే? అందరూ చూస్తారు!" అన్నాడు భావనారాయణ.

"చూడనివ్వండి" అంది.

ఏడు వరసలు ముందుకు, ఎక్కడా పట్టుకోకుండా, తన కాళ్ళమీద తను నడిచింది. టీచరుగారి ముందు ఆగి పట్టీ చేతిలో పెట్టింది. ఆవిడ పట్టీ వంక చూడలేదు. మాణిక్యమ్మ పాదాల వంక చూశారు.

"నా కాళ్ళకేం లేదండీ. దారి తెలియక, భయపడి అట్లా రాయించుకున్నాం. మీ ముందు లేవలేకపోయాను. సిగ్గేసింది. నన్ను తిట్టండి టీచరుగారండీ."

టీచరుగారు పట్టీ మడిచి సంచీలో పెట్టుకున్నారు. కోప్పడినా బాగుండేది.

"నన్నడగొచ్చు కదే" అన్నారు. "బోర్డులు నేను చదివేదాన్ని. నీ భుజం పట్టుకుని నడిచేదాన్ని. ఇద్దరం హాయిగా వచ్చేవాళ్ళం."

మాణిక్యమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుపు ఆగలేదు.

హైదరాబాదులో దిగేసరికి టీచరుగారి మోకాలు బిగిసిపోయి పాదం నేలకు ఆనడం లేదు. మాణిక్యమ్మ ఒక చంక కింద చెయ్యి వేసి తలుపు దాకా తెచ్చింది. గుమ్మం బయట కుర్చీలు వరసగా పెట్టి ఉన్నాయి. కాగితం పట్టుకున్న అమ్మాయిని బతిమాలింది, ఈవిడను కూర్చోబెట్టమ్మా అని. "లిస్టులో పేరుంటేనే ఇవ్వాలమ్మా, లేకపోతే మమ్మల్ని అంటారు" అని ఆ పిల్ల కాగితం చూసి, "ఇంకా ఒకరే రావాలి. మాణిక్యమ్మగారు. మీరేనా అమ్మా?" అని టీచరుగారిని అడిగింది.

ఒకప్పుడు స్కూలు ఇన్‌స్పెక్టరు ముందు, హాజరు ఎక్కువ చెప్పమని హెడ్మిస్ట్రెస్ కళ్ళెర్రజేస్తున్నా, క్లాసుకు వచ్చినవాళ్ళు ఇరవై రెండుమందే అని ఉన్నమాట చెప్పిన మనిషి శ్యామలాంబ టీచరు. ఆవిడ ఆ పిల్ల వంక చూశారు. వాచిన మోకాలి వంక చూసుకున్నారు. మాణిక్యమ్మ వంక మాత్రం చూడలేదు.

"నేనేనమ్మా" అన్నారు మెల్లగా, కూర్చుంటూ.

భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది మాణిక్యమ్మకు. కుర్చీ కదిలింది. దారి పొడుగునా ఆ పిల్ల "కాళ్ళు జాగ్రత్త మాణిక్యమ్మగారూ", "పాస్‌పోర్టు తీసి పెట్టుకోండి మాణిక్యమ్మగారూ" అంటూనే ఉంది. పిలిచినప్పుడల్లా టీచరుగారు తల వంచుకుని "ఊఁ" అంటున్నారు. ఆ వెనకే, ఆవిడ సంచీ, కర్రా మోసుకుంటూ, మాణిక్యమ్మ నడుస్తోంది.