పడగొట్టి నిలబడడం

కేశవ చనిపోయాక గురుస్వామి తన కుస్తీ తాలింఖానాకు తాళం వేశాడు. వేయమని ఎవరూ అడగలేదు. పోలీసులు అడగలేదు, ఊరి పెద్దలు అడగలేదు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి అసలే అడగలేదు. కర్నూలు ఆసుపత్రి నుంచి శవం వచ్చి, కర్మకాండలన్నీ ముగిశాక, ఒకరోజు పొద్దున ఆయనే వెళ్లి గోదా మట్టి మీద పాత టార్పాలిన్ పరిచాడు. ఆంజనేయస్వామి పటం ముందు దీపం వెలిగించి, బయటికొచ్చి తలుపు మూసేశాడు.

ఎమ్మిగనూరులో మగ్గాల వీధి పక్కన ఉన్న ఆ తాలింఖానాను ఆయన తండ్రి కట్టించాడు. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లాడించే మగవాళ్లు, సూర్యుడు రాకముందే అక్కడ ఒంటికి మట్టి పూసుకుని కుస్తీ పట్టేవాళ్లు. సాయిబుల పిల్లలూ వచ్చేవాళ్లు. గురుస్వామిని ఉస్తాదు అనడం మొదలుపెట్టింది వాళ్లే. తర్వాత ఊరందరికీ ఆయన ఉస్తాదే అయ్యాడు.

ఆయన చేతి కింద తయారైన వాళ్లందరూ ఒక ఎత్తు, ఇద్దరు ఒక ఎత్తు. ఒకడు ఆయన కొడుకు వసంతకుమార్. రెండోవాడు వెనకవీధి హనుమమ్మ కొడుకు కేశవ. తండ్రి లేని పిల్లవాడు. ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. ఏ ఇంట్లో ఆకలైతే ఆ ఇంట్లో కూర్చునేవాళ్లు.

ఆ ఏడు జాతర కుస్తీల్లో ఆఖరి పోటీ వాళ్లిద్దరికే పడింది. నవ్వుకుంటూనే గోదాలోకి దిగారు. చాలాసేపు ఎవరూ లొంగలేదు. చివరికి వసంత్ ఒడుపు చూసి కేశవను నడుం పట్టి ఎత్తేశాడు. ఎత్తేస్తూనే తనూ వాడి మీద పడ్డాడు. పసితనం నుంచీ తండ్రి నేర్పింది అదే. "పడగొడితే సరిపోదురా. వీపు మట్టికి అంటేదాకా మీద పడి అదిమిపెట్టాల." జనం ఈలలు వేశారు. వసంత్ లేచి దుమ్ము దులుపుకున్నాడు. కేశవ లేవలేదు. మెడ విరిగింది.

ఆ తర్వాత వసంత్ మళ్లీ గోదా ముఖం చూడలేదు. నీళ్ల ట్యాంకరు తోలుకుంటూ బతుకుతున్నాడు. తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో ఉన్నారు. అన్నం గురించి, వాన గురించి, కరెంటు గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆ ఒక్క విషయం తప్ప.

సంవత్సరాలు అలా గడిచిపోతుండగా, ఒక ఎండాకాలం పొద్దున గురుస్వామి అరుగు ముందు ఆటో ఆగింది. దిగింది శ్రీవాసవి. బజారులో కిరాణా అంగడి నడిపే లక్ష్మీనరసయ్య శెట్టి కూతురు, కర్నూలు కాలేజీలో ఆటలు నేర్పే లెక్చరరు. ఆమె వెంట ఒక తెల్లావిడ ఉంది. యాభై ఏళ్ల మనిషి, చెన్నంగి మానులా నిటారుగా ఉంది.

"ఉస్తాద్ గారూ, ఈమె పేరు హెల్గా. ఐస్‌లాండ్ నుంచి వచ్చినారు" అంది శ్రీవాసవి. "మంచు సముద్రం నడుమ చిన్న దేశమది. దేశమంతా కలిపినా మన కర్నూలు టౌనంత జనం లేరు. కానీ వాళ్లకు వందల ఏండ్ల నాటి కుస్తీ ఒకటి ఉండాది. గ్లీమా అంటారు. ఈ సెలవుల్లో మన ఆడపిల్లలకు నేర్పిస్తానన్నారు. మట్టి గోదా అయితే దెబ్బలు తగలవు. మీ తాలింఖానా ఇస్తారేమోనని వచ్చినాము."

"ఈడ ఇప్పుడు ఏమీ లేదమ్మా. మట్టి గట్టిపడింది. పోండి" అన్నాడు గురుస్వామి.

శ్రీవాసవి ముఖం చిన్నబోయింది. హెల్గా మాత్రం ఆయన ముఖంలోకి చూసి, మెల్లగా ఏదో అడిగింది.

"ఊరికే ఒకసారి చూడొచ్చా అంటాన్నారు."

ఇల్లు వెతుక్కుంటూ అంత దూరం నుంచి వచ్చిన మనిషిని కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. తాళం తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. లోపల పావురాల రెట్టలు, గోడకు ఆనించిన గదలు. హెల్గా చెప్పులు బయటే విడిచి, గోదా గట్టు మీద కూర్చుంది. ఎందుకు మూసేశారని అడిగింది. గురుస్వామి గదల మీది దుమ్ము దులపసాగాడు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే గనక శ్రీవాసవి చెప్పింది.

హెల్గా తల వంచుకుని విన్నది. తర్వాత తమ ఆట సంగతి ఒకటి చెప్పింది. వాళ్ల దేశపు పాత కథల్లో, కుస్తీ పట్టే చోట అంచు పదునైన రాయి ఒకటి ఉండేదట. ఎదుటివాడి వెన్ను దాని మీద వేసి విరిచేవాళ్లట. ఇప్పుడు ఆ రాయి లేదు. పడగొట్టినవాడు నిలబడి ఉండాలి, పడినవాడి మీద పడకూడదు. అలా మీద పడడానికి వాళ్లు వాడే మాటకు అర్థం అవమానమట.

శ్రీవాసవి ఆ మాటను తెలుగులో చెప్పగానే గురుస్వామి కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏందమ్మా, మావాడు మానం లేనోడా? వాడు చేసింది తప్పు కాదు. నేను నేర్పిందే వాడు చేసినాడు. మా ఆటలో అదే న్యాయం."

శ్రీవాసవి నోట అది విని హెల్గా రెండు చేతులూ అడ్డం పెట్టింది. "కాదు, కాదు. మీ అబ్బాయి తన ఆట న్యాయం తప్పలేదు. నేను మా ఆట సంగతి చెప్పాను, అంతే."

ఆయన టార్పాలిన్ పక్కకు లాగి, గట్టిపడిన మట్టిని వేలితో గీరాడు. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. పోదామని ఇద్దరూ లేచారు. అప్పుడు అడిగాడు గురుస్వామి, ఎవరినీ కాదు, మట్టిని అడిగినట్టు: "ఎదుటోణ్ని ఎత్తేసేటప్పుడు మన బరువు కూడా వాని మీదికే పోతాది. పడకుండా నిలబడేది ఎట్లా?"

శ్రీవాసవి ఆ మాట చెప్పగానే హెల్గా సంచిలోంచి తోలు పట్టీలు తీసింది. నడుముకొకటి, రెండు తొడలకు రెండు, వాటిని కలుపుతూ మరొకటి. ఆయన నడుముకు తగిలించి, తనూ కట్టుకుంది. ముందు చెయ్యి కలిపింది. ఒక చెయ్యి నడుము పట్టీ మీద, ఒకటి తొడ పట్టీ మీద. ఇద్దరూ నిటారుగా నిలబడాలి. చూపు ఎదుటివాడి భుజం మీదుగా దూరంగా ఉండాలి. కాళ్లకేసి చూడకూడదు. అడుగు మార్చి అడుగు వేస్తూ గుండ్రంగా తిరగాలి. ఎదుటివాడి ఒంట్లో ఏముందో చేతులతోనే తెలుసుకోవాలి.

గురుస్వామికి తెలిసింది. ఆమె బరువు ఎడమ కాలి మీదికి మారిన క్షణంలోనే ఆయన మడమ తగిలించాడు. హెల్గా మట్టిలో పడింది. ఆయనా పడ్డాడు. ఆమె మీద పడకుండా పక్కకు ఒరిగి, మోకాళ్ల మీద, అరచేతుల మీద ఆగాడు. రొప్పుతూ అక్కడే కూర్చున్నాడు.

"ఇంత వయసొచ్చినా నా ఒళ్లు మీద పడేదానికే పోతాంది" అన్నాడు. తర్వాత లేచి, "అడగాల్సిన మనిషి ఒకరుండారు. అడిగి చెప్తా" అన్నాడు.

హనుమమ్మ చీరల మగ్గం అమ్మేసి మంచాలకు నవారు నేసుకుంటోంది. గురుస్వామి గడప అవతలే నిలబడ్డాడు.

"ఏమన్నా, దారి తప్పినావా?" అంది ఆమె, నేత ఆపకుండానే.

ఆయన వచ్చిన పని చెప్పాడు.

"దానికి నన్నెందుకు అడుగుతాండావు?"

"నీ బిడ్డ పెరిగిన చోటు కదమ్మా."

నేత ఆగింది. "పెరిగిన చోటని ఇప్పుడు జ్ఞాపకమొచ్చిందా? తాళమేసిన నాడు రాలేదా? పొద్దున్నే ఆ గోడ అవతల దబదబా సద్దు ఇనపడతా ఉంటే, వాడు ఆడ ఉండాడని నా పని నేను చేసుకునేదాన్ని. వాడు పోయినాంక కూడా మిగతా పిల్లోళ్ల సద్దు ఇనపడి ఉంటే నాకు ఎట్లుండునో! నా కొడుకు పేరు జెప్పి అంతా మూసేసినావు. నన్ను ఒక మాట అడిగినావా అన్నా?"

"నీ ముఖం చూసే ధైర్యం లేకపోయె."

"నీకూ లేదు, నీ కొడుక్కూ లేదు. నేను బిందె పట్టుకోని నిలబడింటే, వాడు ట్యాంకరు సందు చివర ఆపి తల దించుకుంటాడు. నా చేతి కూడు తిన్నోడు. నాకు పోయింది కేశవ ఒక్కడే కాదన్నా."

గురుస్వామి భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"గోదా తెరువు" అంది హనుమమ్మ. "మట్టి మాత్రం వసంతే తవ్వాల. ముందు వాణ్ని నా ఇంటికి పంపు."

ఆ సాయంత్రం మాట చెప్పగానే వసంత్ చేతిలోని పైపు కింద పడేశాడు. "పోయి ఏం చెప్పాల నాయనా ఆమెకు?"

"ఏమీ చెప్పద్దు. పో. నేనూ వస్తా."

హనుమమ్మ ఇంటి బయట అరుగు మీదే గురుస్వామి కూర్చుండిపోయాడు. లోపల్నుంచి "కాళ్లు కడుక్కోని రా. సంగటి ఉండాది" అన్న మాట వినిపించింది. కంచం పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత ఏడుపు. ఎదిగిన మగవాడు ఏడ్చే ఏడుపు, ఆపుకోవాలని చూసి ఆపుకోలేనిది. హనుమమ్మ ఓదార్చలేదు, తిట్టలేదు. వాళ్లిద్దరూ చిన్నప్పుడు తన నూలు కండెలు ఎత్తుకుపోయి గాలిపటాలకు కట్టిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. కేశవ ఇట్లన్నాడు, కేశవ అట్ల చేసినాడు అని ఆమె అంటుంటే, ఇన్నేళ్లలో ఆ పేరు తమ ఇంట్లో ఒక్కసారి కూడా పలకలేదని గురుస్వామికి తట్టింది.

మర్నాడు వసంత్ పార పట్టాడు. పావురాల రెట్టలు కడిగి, గట్టిపడిన మట్టిని లోతుగా తవ్వి, గడ్డలు చిదిమి, జల్లెడ పట్టాడు. మజ్జిగ, పసుపు, నువ్వుల నూనె పోసి కలిపాడు. మట్టి మళ్లీ మెత్తబడింది.

ఊళ్లోని కాలేజీ ఆడపిల్లలు వచ్చారు. హెల్గా తెచ్చిన తోలు పట్టీలు వాళ్ల నడుములకు వదులయ్యాయి. అది చూసిన హనుమమ్మ, కొత్త నవారును వాళ్ల కొలతకు కత్తిరించి, రెండు పేటలుగా కుట్టి తెచ్చి ఇచ్చింది. తర్వాత గోడవారగా పీట వేసుకుని కూర్చుంది.

గ్లీమా చూడటానికి నాట్యంలా ఉంది. హర్షిణి అనే పిల్ల ఒకసారి తన జోడీ అమూల్యను పడేసి, తనూ తూలి మీద పడబోయి, ఎలాగో నిలదొక్కుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. హెల్గా సంతోషించి, మగవాడి బలానికి ఎలా నిలబడాలో చూపిస్తానని వసంత్‌ను పిలిచింది.

వసంత్ పార పట్టుకుని మూలన ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు. శ్రీవాసవి పిలిచినా కదల్లేదు. గురుస్వామి కొడుకును బలవంతం చేయలేదు. తనవల్ల కాదని తెలుసు.

"పోప్పా వసంతూ" అంది హనుమమ్మ పీట మీది నుంచి. "పట్టుకో."

వసంత్ దిగాడు. పట్టీ కట్టుకున్నాడు. చెయ్యి కలిపాడు. హెల్గా నడుము పట్టీ అందుకోబోతే వేళ్లు రెండుసార్లు జారాయి. ఆమె తొందరపెట్టలేదు. మూడోసారి పట్టు దొరికింది. ఇద్దరూ తిరగసాగారు. వసంత్ చూపు ఆమె భుజం మీదుగా దూరంగా, ఎదుటి గోడ మీద ఎక్కడో నిలిచి ఉంది. ఒక్కసారిగా హెల్గా గాల్లోకి లేచింది, మట్టిలో పడింది.

వసంత్ నిలబడే ఉన్నాడు. కాళ్లు మట్టిలో దిగబడి, నడుము వెనక్కి లాగి, ఒంట్లోని ప్రతి నరమూ బిగించి నిలబడ్డాడు. తర్వాత వంగి, చెయ్యి అందించి ఆమెను లేపాడు.

హనుమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి బయటికి వెళ్లిపోయింది. గురుస్వామి వెంటపడ్డాడు.

"తప్పు చేసినామా హనుమమ్మా?"

"తప్పేముండాది?" ఆమె ఎండలో నిలబడి కళ్లు తుడుచుకుంది. "మనోళ్ల ఆట కూడా ఇట్లే ఉండింటే వాడు ఉండును కదా అనిపించింది. అట్లా అనుకుంటే వాడు రాడు. తెలుసు నాకు. తెలిసినా అనిపిస్తాది." నాలుగడుగులు నడిచి ఆగింది. "ఇయ్యాలకు చాలన్నా. ఇంకా చూడలేను. రేపు చూస్తా."

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. సెలవులు అయిపోయేనాటికి వచ్చి, హెల్గా చేతులు పట్టుకుని, భాష లేకుండానే వీడ్కోలు చెప్పింది.

తాలింఖానాకు మళ్లీ తాళం పడలేదు. శని, ఆదివారాల సాయంత్రాలు శ్రీవాసవి ఊరికొచ్చి ఆడపిల్లలకు గ్లీమా నేర్పుతోంది. పొద్దున మగపిల్లలకు గురుస్వామి కుస్తీయే నేర్పుతున్నాడు. తనకు వచ్చిన ఆట అదే. అయితే పడగొట్టి నిలబడడం వచ్చాకే వాళ్లకు అదిమిపెట్టడం నేర్పుతున్నాడు. జాతర కుస్తీలకు మాత్రం వసంత్ ఇప్పటికీ పోడు. పొమ్మని ఎవరూ అనరు.

హనుమమ్మ ఒకరోజు కేశవ ఫోటో తెచ్చి ఆంజనేయస్వామి పటం పక్కన తగిలించి వెళ్లింది. ఆ సాయంత్రం పట్టీ కట్టుకుంటూ హర్షిణి అడిగింది, "వసంతన్నా, ఎవరన్నా ఆయన?"

వసంత్ మట్టి చేతులు తుడుచుకుని ఫోటో వైపు తిరిగాడు.

"కేశవ. నా జత" అన్నాడు. "కాలు మెలికలో వాణ్ని మించినోడు ఈ జిల్లాలో లేడు. రా, వాడు ఎట్లా ఏస్తాండెనో చూపిస్తా."