ఎక్కేటప్పుడు ఖాళీ, దిగేటప్పుడు లోడు

నేను ఒక బస్సు వెనక ఇరుసులో, మీరు ఆక్సిల్ అంటారే, అందులో తిరిగిన పళ్ల చక్రాన్ని. షెడ్డు మనుషులు నన్ను క్రౌన్ అంటారు. పేరుకు కిరీటం, కాపురం మాత్రం బండి కింద నల్ల నూనెలో. ఏ తలా నన్ను మోయలేదు, నేనే అందరినీ మోశాను. నాతోపాటు పినియన్ అని ఒక చిన్న చక్రం ఉంది. కార్ఖానాలో మా ఇద్దరినీ ఒకదానితో ఒకటి ఒరిపించి జత చేశారు. అప్పటినుంచీ విడిపోలేదు, పోట్లాడుకోనూ లేదు. మనుషుల పెళ్లిళ్ల సంగతి నాకెందుకు గానీ, మా జత బాగానే నడిచింది.

మాది వేగపు జత. ఇంజను నింపాదిగా తిరుగుతున్నా చక్రాలు పరుగెత్తుతాయి. చదునైన హైవే మీద తిరుపతి బస్సు కింద సుఖంగా బతికాను. ఆ బస్సు ముసలిదై విజయవాడ ఆటోనగర్‌కు తుక్కుగా వచ్చింది. అక్కడ కాసిం మేస్త్రీ షెడ్డులో పడ్డాను.

కాసిం చెయ్యి మంచిది, నోరు దురుసు. అతని దగ్గరికి ఏసోబు వచ్చాడు. కొండ మీది క్వారీ నుంచి రాళ్లు కిందికి దింపే లారీ అతనిది, సొంతం. దాని ఇంజను పొగ తప్ప ఇంకేమీ ఇవ్వని స్థితికి వచ్చింది. మా బస్సు ఇంజను దానికి ఎక్కించాలని ఇద్దరూ అనుకున్నారు. ఇల్లూ పొలమూ అన్నీ ఆ లారీయే అతనికి. అది ఆగితే పొయ్యి మీద ఎసరు ఆగుతుంది.

ఇంజను కుదిరింది. ఇక గేరుబాక్సు ఏది పెట్టాలి, ఆక్సిల్ ఏది పెట్టాలి? లారీ పాత ఆక్సిల్‌లో నెమ్మది జత ఉంది, బలమెక్కువ, వేగం తక్కువ. బస్సు ఇంజను మెల్లగా తిరిగే రకం. దానికి ఆ నెమ్మది జత కడితే రోడ్డు మీద ఎడ్లబండితో పందెం వేసుకోవాలి. ఇలాంటప్పుడు ఆ షెడ్లలో ఒక ప్రశ్న అడగడం ఆనవాయితీ. కాసిం కూడా అదే అడిగాడు.

"కొండ ఎక్కేటప్పుడు లోడా, ఖాళీయా?"

"ఖాళీయే మేస్త్రీ. లోడు దిగేటప్పుడే."

"అయితే ఇంకేం ఆలోచన? దిగడానికి బలమెందుకు, బరువే లాక్కుపోద్ది. గేరుబాక్సూ ఆక్సిలూ రెండూ బస్సువే పెడతా. రోజుకో ట్రిప్పు ఎక్కువ పడుద్ది నీకు."

ఏసోబు తటపటాయించాడు. "పాతదైతే రెండో గేర్లో పెట్టి వదిలేస్తే పిల్లిలా దిగేది మేస్త్రీ. ఇది కూడా అట్టా పట్టుకుంటదా?"

"బ్రేకులున్నాయిగా తమ్ముడూ" అన్నాడు కాసిం.

ఓరి మహానుభావులారా. ఎక్కడానికి ఎంత గేరు కావాలో దిగడానికీ అంతే కావాలి. నెమ్మది జత ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకుకు పని తగ్గుతుంది. నేను అలా పట్టలేను, నా పుట్టుకే పరుగు కోసం. ఎక్కడం గురించి అడిగిన మేస్త్రీ దిగడం గురించి ఆలోచించలేదు.

మొదట్లో ఏసోబు పొంగిపోయాడు. భార్య మార్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని బందరు రోడ్డంతా తిప్పాడు. కొండ దిగేటప్పుడు మాత్రం బ్రేకులు కాలిన వాసన వచ్చేది. దారి మధ్యలో ఆపి, అవి చల్లారాక మళ్లీ దిగేవాడు. వానలు రాకముందే సరుకు దింపాలని క్వారీవాళ్లు తొందరపెట్టారు. ఒకరోజు మధ్యాహ్నం వెనక వరసగా లారీలు, ఆగడానికి చోటివ్వలేదు.

సగం దిగాక బ్రేకు పట్టడం మానేసింది. ఏసోబు రెండో గేరు వేశాడు. ఇంజను అరిచింది, నేను ఒళ్లంతా బిగబట్టాను, అయినా బండి వేగం తగ్గలేదు. మొదటి గేరు కోసం చూశాడు, పడలేదు. మలుపు తిరగ్గానే కింద కూలీల గుడిసెలు కనిపించాయి. బయట పసిపిల్లలు ఆడుకుంటున్నారు. అతను స్టీరింగ్‌ను కావాలనే కొండవైపు తిప్పేశాడు. వెనకున్న రాళ్లు క్యాబిన్ మీదికి వచ్చాయి. గుడిసెల్లో ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. ఏసోబు బతకలేదు.

అదుపు తప్పి కొండకు గుద్దేశాడన్నారు. డ్రైవరు నిర్లక్ష్యమని తేల్చారు. తేల్చడం మనుషులకు ఎంత సులువో. పోయినవాడు ఎదురు చెప్పడు కదా.

లారీ తుక్కయింది. నన్ను మళ్లీ కాసిం షెడ్డుకే తెచ్చారు. అతను నన్ను విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క పన్నూ విరగలేదు. అప్పుడే మార్తమ్మ వచ్చింది.

"మేస్త్రీగారూ, బండిలో ఏమన్నా లోపముందా? నిజం చెప్పండి."

"లోపమేం లేదమ్మా" అన్నాడు కాసిం. అది అబద్ధం కాదు. విడివిడిగా చూస్తే దేనిలోనూ లోపం లేదు.

"అయితే మా ఆయనే సరిగ్గా తోలలేదన్నమాట. క్వారీలో అందరూ అదే అంటన్నారు. నేనే నమ్మలేదు."

కాసిం గుడ్డ తీసుకుని నా పళ్లు తుడవడం మొదలుపెట్టాడు, తుడుస్తూనే ఉన్నాడు. కాసేపు చూసి, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

అతను ఎంత బాగా తోలాడో, చివరికి ఎవరి కోసం తోలాడో తెలిసింది నాకొక్కదానికే. ఇన్ని పళ్లున్నాయి నాకు, ఒక్క నోరు లేదు.