కారు లేని ఇంటి కారు దారి

కొత్త ఇల్లు చూడటానికి వెళ్లినవాళ్లు ఎవరైనా ముందు లోపలికి వెళ్తారు. హనుమాయమ్మ గేటు దాటి నాలుగడుగులు వేసి అక్కడే ఆగిపోయింది. లోపల్నుంచి కూతురు తేజశ్రీ పిలుస్తూనే ఉంది, వంటగది చూడమనీ, సొరుగులు లాగితే చప్పుడే రావడం లేదనీ. హనుమాయమ్మ చెప్పులు విడిచి, గేటు నుంచి గుమ్మం దాకా వట్టి పాదాలతో నడిచింది. మళ్లీ వెనక్కి దిగింది. ఎక్కేటప్పుడు మోకాలు పట్టేసింది. దిగేటప్పుడు నున్నటి టైలు మీద పాదం జారింది.

నరసరావుపేట నుంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డు పక్కన, మొన్నమొన్నటి దాకా పత్తి పండిన నల్లరేగడి నేలలో లేచిన ఇళ్లవి. అన్నీ ఒకే అచ్చు, ఒకే రంగు.

"ఇది డ్రైవ్‌వే అండి అమ్మగారూ," అన్నాడు శశిభూషణ్. బిల్డరు తరఫున ఇళ్లు చూపించేది అతనే. "కారు రోడ్డు మీంచి నేరుగా పోర్టికోలోకి ఎక్కేస్తుంది. వాననీళ్లు లోపలికి రాకుండా ర్యాంపు ఎత్తుగా పెట్టాం."

"మాకు కారు లేదయ్యా."

"ఇవాళ లేకపోవచ్చండి. రేపు అమ్మాయిగారు కొంటారు."

"రేపటి కారు సంగతి రేపు చూద్దాం. ఇవాళ ఇక్కడ ఒక బస్తా కుమ్మరిస్తే, కాయలన్నీ దొర్లుకుంటూ రోడ్డెక్కుతయ్యి."

ఏ బస్తా, ఏ కాయలు అని శశిభూషణ్‌కి అర్థం కాలేదు. కొనేవాళ్లని ఎదురు ప్రశ్న వేయకూడదని నేర్చుకున్నవాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

హనుమాయమ్మ భర్త పోయాక చేను కౌలుకిచ్చేసి నరసరావుపేటకి వచ్చింది. అప్పట్నుంచి ఆమె బతుకు మిరపకాయ తొడిమ మీదే నడిచింది. వ్యాపారుల దగ్గర్నుంచి ఎండుమిరప బస్తాలు ఆటోలో ఆమె వాకిట్లోకి వస్తాయి. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి కుప్ప చుట్టూ కూర్చుంటారు. తొడిమ గిల్లి మంచి కాయ ఒకవైపు, రంగు పోయిన తాలు కాయ ఒకవైపు వేస్తారు. సాయంత్రానికి బస్తాలు కుట్టి పంపేస్తారు. ఆ వాకిలి మీదే తేజశ్రీ చదువుకుంది. ఇప్పుడు సర్కారు బడిలో లెక్కల టీచరు.

ఒక్కటే చిక్కు. వాకిలి ఎప్పుడూ అద్దెదే. మిరప ఘాటు గోడలకి ఆగదు. ఒక ఇంటివాళ్లకి దగ్గు, ఒక ఇంటివాళ్లకి కళ్లమంట, ఇంకొకరి చంటిబిడ్డకి తుమ్ములు. అలా మారుతూ మారుతూ వచ్చారు. ఇప్పుడున్న ఇంటి యజమాని రాధాకృష్ణమూర్తి మాస్టారు అందరికన్నా మర్యాదస్తుడు. "అమ్మా హనుమాయమ్మా, నువ్వు బంగారం లాంటి దానివే. నీ మిరపకాయలతోనే నేను వేగలేను," అన్నాడు. వేసవి దాటేలోగా ఖాళీ చేయమన్నాడు. ఈసారి వాకిలి పోతే ఇక జట్టే పోతుంది. మిగిలిన ఆడవాళ్లు గుంటూరు దాకా పోయి, కోల్డ్ స్టోరేజీల షెడ్లలో కూర్చోవాలి. ఖాజాబీ లాంటివాళ్లు అసలు పోలేరు. మంచంలో ఉన్న మొగుడికి మధ్యాహ్నం వెళ్లి గంజి పట్టించి రావాలి ఆమె.

అందుకే హనుమాయమ్మ సొంత ఇల్లు కొనాలనుకుంది. సొంత ఇల్లంటే ఆమెకి సొంత వాకిలి. వెనక నాలుగు గదులు ఉంటే ఉంటాయి.

ఆఫీసు గదిలో శశిభూషణ్ చల్లటి మజ్జిగ ఇప్పించి అసలు మాట చెప్పాడు. బుక్ చేసుకున్న ప్రతి ఇంటికీ ఒక అప్‌గ్రేడ్ ఉచితం. లోపలి హంగులు కావాలా, బయటి హంగులు కావాలా? లోపలివంటే ఇందాక మచ్చుకి బిగించి చూపించిన మాడ్యులర్ వంటిల్లు, పొగ లాగేసే చిమ్నీ, హాల్లో ఫాల్స్ సీలింగ్. బయటివంటే డ్రైవ్‌వే మన ఇష్టప్రకారం వేసిస్తారు. పైన షెడ్డు, జారుడు గేటు.

"లోపలివి," అంది తేజశ్రీ.

"బయటివి," అంది హనుమాయమ్మ.

శశిభూషణ్ ఇద్దరినీ చూసి, సోమవారం చెప్పినా పర్లేదన్నాడు.

స్కూటీ మీద తిరిగొస్తుంటే తేజశ్రీ ముందుకే చూస్తూ మాట్లాడింది. "లోను నా పేరు మీద తీసుకుంటున్నాం. నా మాట ఒక్కటి వినకూడదా?"

"విన్నాను గదే. మూడు గదులు చాలంటే నాలుగు అన్నావు. సరే అన్నా."

"నువ్వు ఇంక ఆ మిరపకాయల జోలికి పోకూడదనే నేను ఇల్లు కొంటున్నది. చిమ్నీ కింద నిలబడి నింపాదిగా వండుకో. నీ చేతులు చూసుకున్నావా? రాత్రిళ్లు తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటావు. నేను చూడట్లేదనుకుంటున్నావు."

"తెల్లారేసరికి తగ్గిపోద్ది."

"మళ్లీ తెల్లారి మొదలుపెడతావుగా."

కూతురు చెప్పింది తప్పు కాదని హనుమాయమ్మకి తెలుసు. తను చెప్పిందీ తప్పు కాదు. అయితే తేజశ్రీ కొలతలన్నీ ముందేసుకుని లెక్క చెప్పే మనిషి. ఆ ర్యాంపు మీద మనుషులు కూర్చోగలరా లేదా అన్నది టేపుతో తేలేది కాదు.

మర్నాడు కుప్ప దగ్గర ఆ మాటే చెప్పింది. "ఆదివారం పని లేదు గదా. అందరం పోయి ఒకసారి అక్కడ కూచుని చూద్దాం. పట్టామా పట్టలేదా తేలిపోద్ది. చదును చేయించుకోవాలంటే ఎంత చేయించుకోవాలో కూడా తెలుస్తది."

"పెళ్లిచూపులకి పిల్లని చూస్తారు. మనం నేలని చూసేదానికి పోతున్నామా?" అంది గురవమ్మ. జట్టులో పెద్ద నోరు ఆమెదే.

"పిల్ల నచ్చకపోతే సర్దుకుంటారు. నేల నచ్చకపోతే నడుము ఊరుకోదు," అంది ఖాజాబీ.

ఆదివారం పొద్దున జట్టులోని ఎనిమిది మందీ రెండు ఆటోల్లో వెళ్లారు. కూర్చోవడానికి గోనెపట్టాలు, తాగడానికి నీళ్ల సీసాలు, మధ్యాహ్నానికి అన్నం క్యారేజీలు. ఉత్తినే కూర్చుంటే ఏం తెలుస్తుందని ఒక గంపెడు కాయలు కూడా పట్టుకెళ్లారు. కాపలాదారు యలమందయ్య హనుమాయమ్మని గుర్తుపట్టి, ఇంటి తాళాలు తన దగ్గర లేవన్నాడు. తాళాలతో పని లేదని ఆమె చెప్పింది.

ముందు ర్యాంపు మధ్యలో కూర్చున్నారు. ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి, రోజూ పనిలో కూర్చున్నట్టే. కుప్ప పోయగానే కాయలు జారడం మొదలెట్టాయి. వాటి వెనకే గురవమ్మ పట్టాతో సహా జారింది.

"ఒసే హనుమాయీ, ఇది ఇల్లు కాదే, జారుడుబల్ల," అంది.

పైకి జరిగితే గుమ్మం మెట్లు అడ్డం. కిందికి జరిగితే గేటు. చివరికి చదునుగా దొరికింది గేటు దగ్గరి జాగా ఒక్కటే. సగం మంది లోపల, సగం మంది రోడ్డు అంచు మీద సర్దుకున్నారు. గేటు దారి పూర్తిగా మూసుకుపోయింది. అప్పుడే ఇల్లు చూడటానికి కారులో వచ్చిన కుటుంబం ఒకటి, ఆ వరస దగ్గర ఆగి, అద్దం దించి చూసి, వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయింది.

యలమందయ్య కంగారుపడ్డాడు. దసరాకి ఇస్తామన్న ఇళ్లు ఉగాది దాటినా ఇవ్వలేదని, మొదటి వరసలో కొన్నవాళ్లు ఇప్పటికే రెండుసార్లు ఆఫీసుకొచ్చి కేకలేశారు. ఇప్పుడు ఆడవాళ్లు పట్టాలు, నీళ్లు, అన్నాలతో వచ్చి గేటుకి అడ్డంగా కూర్చున్నారు. ఈ చుట్టుపక్కల అలా కూర్చుంటే దాన్ని ఏమంటారో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అతను శశిభూషణ్‌కి ఫోన్ చేసి, ధర్నా మొదలైందని చెప్పాడు.

శశిభూషణ్ రావడం ఒక్కడే రాలేదు. బిల్డరు బాపయ్యని వెంటబెట్టుకుని వచ్చాడు. బాపయ్య తెల్ల చొక్కా మనిషి, మాట నెమ్మది. కారు దూరంగా ఆపించి, రెండు చేతులూ జోడించుకుంటూ నడిచొచ్చాడు.

"అమ్మా, ఎండలో మీకెందుకీ కష్టం. లేవండి. ఆలస్యం జరిగిన మాట నిజమే, నేను కాదనను."

"లేచేది ఎట్టా కుదురుద్ది? ఇంకా సరిగ్గా కూచోనే లేదు," అంది గురవమ్మ, కింద గుచ్చుకుంటున్న కంకర రాయి తీసి పారేస్తూ.

బాపయ్య ముఖం వాడిపోయింది. "సాయంత్రం దాకా ఉంటారా?"

"అన్నాలు తెచ్చుకున్నాం నాయనా," అంది ఖాజాబీ భరోసాగా.

బాపయ్య రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఆదివారం పూట ఇళ్లు చూసేవాళ్లు వచ్చే వేళ. హనుమాయమ్మ ముందు వంగి గొంతు తగ్గించాడు. "అమ్మా, ఇల్లు తీసుకునేది మీరేనంట. లోపలి హంగులా బయటి హంగులా అని మీ ఇంట్లో మాట తేడా వచ్చిందంట గదా. రెండూ నేనే చేయిస్తా. మాట ఇస్తున్నా. దయచేసి మీ వాళ్లని లేపండి."

హనుమాయమ్మ చేతిలో కాయ చేతిలోనే ఆగింది. రెండూ. కూతురికి చిమ్నీ, తనకి వాకిలి. ఆయన ఎందుకు భయపడుతున్నాడో ఆమెకి అప్పుడు అర్థమైంది. పక్కనుంచి గురవమ్మ తొడ గిల్లింది, ఊరుకో అన్నట్టు.

సరిగ్గా అప్పుడే తేజశ్రీ స్కూటీ వచ్చి ఆగింది. శశిభూషణ్ ఆమెకీ ఫోన్ చేశాడు. హెల్మెట్ తీయకుండానే వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. ముఖం ఎర్రగా ఉంది.

హనుమాయమ్మ కూతురి వంక చూడలేదు. బాపయ్యతోనే మాట్లాడింది.

"మీరు వేరేగా అనుకుంటున్నారు నాయనా. మేం ధర్నాకి రాలేదు. ఈ జాగా మాకు పట్టుద్దా లేదా అని కూచుని చూసుకుంటున్నాం. అంతే."

బాపయ్య ఆడవాళ్లని, కుప్పని, క్యారేజీలని మార్చి మార్చి చూశాడు. "కూచుని చూసుకుంటున్నారా?"

"మరి నిలబడి చూస్తే ఏం తెలుస్తది?"

ఆయన జోడించిన చేతులు దింపాడు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. నవ్వొచ్చినట్టుంది, దాన్ని మింగాడు. "అట్టాగైతే ఇందాక నేనన్న మాట..."

"తీసేసుకోండి. భయపడి పోసిన సిమెంటు ఎంత కాలం ఉంటదో నాకు నమ్మకం లేదు. ఒక్కటే ఇవ్వండి, గట్టిగా చేయించండి."

గురవమ్మ నెత్తి కొట్టుకుంది. "నిన్ను అంగట్లో నిలబెడితే కొనేవాడి తరఫున బేరమాడతావే."

తేజశ్రీ హెల్మెట్ తీసింది. "ఏ ఒక్కటమ్మా?" అంది. గొంతు మెల్లగానే ఉంది గానీ పట్టు సడల్లేదు.

హనుమాయమ్మ ఇప్పుడు తలెత్తింది. "నీ వంటిల్లు నా మీద ప్రేమతోనే అడిగావు. అది నాకు తెలీదనుకోకు. కానీ నేను పొయ్యి దగ్గర ఉండేది ఎంతసేపు? మిగతా పొద్దంతా ఆ సొరుగులు లాగుతూ మూస్తూ కూచోనా? ఖాజాబీ ఎక్కడికి పోద్ది? నేను మానేయడం నీకు సుఖంగా ఉంటది. నాకు ఉండదు. చేతనైనన్నాళ్లు చేస్తాను. ఇంకొకరి వాకిట్లో చేయమంటే మాత్రం చేయను."

"చేతులు?"

"మండుతయ్యి. అబద్ధం చెప్పను."

తేజశ్రీ గేటు దగ్గర వంగింది. కిందికి దొర్లిన కాయలు గేటు కింది సందులో ఇరుక్కుని ఉన్నాయి. వాటిని ఏరి కుప్పలో వేసింది. తర్వాత బాపయ్య వైపు తిరిగి, బడిలో పిల్లలకి చెప్పేటంత స్పష్టంగా చెప్పింది.

"బయటి హంగులే రాసుకోండి. ర్యాంపు కొట్టేసి గేటు నుంచి మెట్ల దాకా చదును చేయాలి. కింద రేగడి మట్టి తవ్వి గ్రావెల్ నింపకపోతే రెండో ఏడే కుంగిపోద్ది. టైల్స్ వద్దు, గరుకు సిమెంటు. పైన షెడ్డు. ఆ మూల ఒక కుళాయి, కింద నీళ్లు పోవడానికి తూము. వీళ్లు చేతులు కడుక్కునే లోపలికి రావాలి. కుళాయి ప్యాకేజీలో లేదనకండి."

"లేదమ్మా, నిజంగానే లేదు," అన్నాడు బాపయ్య.

"పెట్టించండి."

ఆయన శశిభూషణ్ వంక తలూపాడు. "సరే. కానీ చదును చేస్తే గట్టి వానకి రోడ్డు మీది నీళ్లు లోపలికొస్తయ్యి. తర్వాత నన్ను అనకూడదు."

"వస్తే చీపురుంది," అంది హనుమాయమ్మ.

"ఇంకోటమ్మా. రేపు అందరూ చేరాక అసోసియేషన్ అంటారు. ఘాటని ఎవరైనా గొడవకొస్తే నేను మధ్యలోకి రాను."

"రావద్దు. వాళ్లతో నేను మాట్లాడుకుంటా. నా గేటు లోపల, నా షెడ్డు కింద, పొద్దున మొదలెట్టి పొద్దుగూకే లోపు ఆపేస్తాం. అప్పటికీ వినకపోతే చుట్టూ పరదా కడతా. ఖాళీ చేసి పోవడం మాత్రం ఇంక అయిపోయింది."

బాపయ్య కారెక్కి వెళ్లిపోయాడు. తేజశ్రీ కూడా బయల్దేరబోయింది.

"ఏమ్మాయ్, ఆగు," అంది గురవమ్మ. "కుళాయి ఆ మూలనంటే నా కాలు ఎక్కడ చాపుకోవాలి? ఏదీ, అక్కడ నిలబడు. కుళాయి నువ్వేననుకుని కూచుంటాం."

తేజశ్రీ తల్లి వంక చూసింది. హనుమాయమ్మ ముఖంలో నవ్వు లేదు. ఆ మూలనే కళ్లు చికిలించి కొలుస్తోంది. తేజశ్రీ హెల్మెట్ గోడ మీద పెట్టి, వెళ్లి ఎండలో మూలకి నిలబడింది. ఎనిమిది మందీ పట్టాలు లాక్కుంటూ, ఒకరినొకరు తిట్టుకుంటూ మళ్లీ సర్దుకున్నారు.

"ఇంకాస్త గోడకి జరుగమ్మా," అంది హనుమాయమ్మ. "ఖాజాబీకి నీళ్లు చిందుతయ్యి."

తేజశ్రీ గోడకి జరిగింది.