వియ్యాలవారికి కోసిన కేకు

మన ఇళ్ళలో పొగడ్తకు కొదవ లేదు. "నీ చేతులు బంగారం తల్లీ" అని నోరారా అంటాం. ఆ నోటితోనే, ఆ చేతులు చేసినదాన్ని ఊరికే మింగేస్తాం. నమ్మకపోతే సైకాల్ సంగతి వినండి.

ఆ శనివారం ఉదయం, కరాకోల్ పట్టణంలోని వాళ్ళింటి వసారాలో, బల్లమీద ఒక కేకు సిద్ధంగా ఉంది. మూడు రోజుల పని అది. చక్కెర ముద్దను పల్చగా ఒత్తి కేకుకు తొడిగి, దానిమీద తినే రంగులతో, సన్నని కుంచెతో, పూత పూసిన ఆప్రికాట్ కొమ్మను వేసింది సైకాల్. కొమ్మ వెనక లేత నీలంలో సరస్సు. పక్కనే అట్టపెట్టె, దానిమీద 'సైకాల్ కేకులు' అని అచ్చువేయించిన చీటీ.

ఆమెకు పసితనం నుంచీ బొమ్మలంటే ప్రాణం. పెళ్ళయి వచ్చాక కాగితాలు ముందేసుకుని కూర్చునే తీరిక ఎక్కడిది? అందుకని ఆ పిచ్చిని కేకుల మీదికి మళ్ళించింది. పదమూడేళ్ళుగా అత్తవారి చుట్టాల్లో ఆమె కేకు లేని విందు లేదు. ఆమె చేతిలో ఒక్క సోమ్ పెట్టినవాళ్ళూ లేరు. నిజం చెప్పాలంటే తప్పు ఆమెది కూడా. మొదట్లో ఎవరో ఇవ్వబోతే, "అయ్యో, మనలో మనకు డబ్బులేమిటి పిన్నీ!" అని తానే చెయ్యి అడ్డం పెట్టింది.

వారం కిందట, ఊరి దగ్గరి సరస్సు ఒడ్డున హోటలు నడిపే వేనేరా కబురు పెట్టింది. శనివారం పన్నెండింటికి ఒక కేకు చూపించాలి. నచ్చితే వేసవి అంతా సైకాల్ కేకులే. మరొకామె కూడా అదే వేళకు తన కేకు తెస్తోంది.

పదకొండింటికి, కేకును హోటలుకు తీసుకెళ్ళడానికి టాక్సీ వచ్చింది. దాని వెనకే ఇంకో కారు వచ్చి ఆగింది. అందులోంచి ఆడపడుచు అత్తమామలు, ఆ మామగారి అన్న తుర్గున్‌బాయ్ మాస్టారు దిగారు. చెప్పాపెట్టకుండా.

అల్లుడు వందేళ్ళ చుట్టం, వియ్యంకుడు వెయ్యేళ్ళ చుట్టం అంటారు మా వైపు. వియ్యంకుడు గడప తొక్కితే ఇంట్లో ఉన్న మేలైనది అతిథుల ముందు పరిచే విందుబట్ట మీదికి రావలసిందే.

అత్తగారు అనీపా పరుగున వసారాలోకి వచ్చింది. "ఆ టాక్సీవాణ్ణి పొమ్మను. కేకు లోపలికి పట్రా!"

"అత్తయ్యా, ఇది వేనేరా గారికి. వారం కిందటే చెప్పాను కదా! బోర్సోక్‌లు వేయించి ఉన్నాయి, జామ్ ఉంది..."

"వియ్యపురాలి ముందు పిండిముక్కలు పెట్టమంటావా? నా కూతురు ఆ ఇంట్లో తలెత్తుకు తిరగాలా వద్దా? కేకుదేముందే, ఇంకోటి చేసుకుంటావు. పిండీ చక్కెరే కదా!"

సైకాల్ భర్త వైపు చూసింది. ఎర్మెక్ చాయ్ కాచే సమోవార్‌లో నీళ్ళు పోస్తూ, "పోనీలే, అమ్మ మాట కాదనకు. హోటలు ఎక్కడికీ పారిపోదుగా" అన్నాడు.

కత్తి కూడా కోడలి చేతికే ఇచ్చారు. వియ్యాలవారికి కోడలే కోసి పెట్టాలి, కోడలే చాయ్ పొయ్యాలి. సైకాల్ పూలకొమ్మ మీదుగానే కోసింది.

"అబ్బ, తినడానికి మనసే రావడం లేదు! బంగారు చేతులమ్మా!" అంటూనే వియ్యపురాలు రెండో ముక్క అందుకుంది.

"వచ్చే నెల మీ మనవడి వేడుకకు మూడంతస్తులది చేయిస్తాగా! మనలో మనకు డబ్బులేమిటి?" అంది అనీపా.

తన మాటే తనకు ఎదురొచ్చేసరికి సైకాల్ చాయ్ పొయ్యడం ఆపి పాత్ర కింద పెట్టేసింది.

మాస్టారు పళ్ళెం ముట్టుకోలేదు. ఒకప్పుడు బడిలో ఆమెకు కుంచె పట్టడం నేర్పినవాడు ఆయనే. "ఈ మొగ్గల ఎరుపు నేను చెప్పిందే. ఇది ఎవరికోసం వేశావమ్మా, సైకాల్?"

"ఇంకెవరికి, మీకోసమే!" అంది అనీపా.

"నేను ఆమెనడిగాను."

సైకాల్ ఉన్నదున్నట్టు చెప్పింది. "ముందే చెప్పకూడదటమ్మా!" అంది వియ్యపురాలు నోరు తుడుచుకుంటూ. సైకాల్ లేచి వసారాలోకి వెళ్ళి ఫోన్ చేసింది. పన్నెండున్నర దాటింది.

"ఆవిడ వేళకు తెచ్చింది, మాట ఇచ్చేశాను" అంది వేనేరా. "ఏమీ అనుకోకు. నీ పనిని మీ ఇంట్లోవాళ్ళే పని అనుకోనప్పుడు, వేసవి అంతా నిన్ను నమ్ముకుని నేనెలా కూర్చోను?"

సైకాల్ తిరిగి వచ్చేసరికి అతిథులు లేస్తున్నారు. మిగిలిన విందు వాళ్ళకు కట్టివ్వడం మర్యాద. అనీపా సగం కేకును ఆ అట్టపెట్టెలోనే సర్దుతోంది. పైనున్న చీటీ కనబడగానే, "ఇదేమిటి, అంగడిలో అమ్ముకునేదానిలా! వియ్యాలవారి ముందు పరువు తీస్తావా?" అని పర్రున చింపి కింద పడేసింది.

మాస్టారు మోకాళ్ళ నొప్పితో వంగి ఆ ముక్కలు ఏరుకున్నారు. వాటిని సైకాల్ చేతిలో పెట్టి అనీపా వైపు తిరిగారు. "మన గొర్రెలు కాసినవాడికి కూలి ఎగ్గొడితే ఊరంతా దొంగలంటుంది. కోడలి కష్టం ఎగ్గొట్టి బంగారు చేతులని పొగిడితే మర్యాదస్తులంటుంది. పనికి వెల కట్టని పొగడ్త కూడా దొంగతనమే, అనీపా."

అయినా పెట్టె వియ్యాలవారి కారెక్కింది.